విరిగినా కనిపించని చక్కెర

పాలు విరిగితే కంటికి తెలుస్తుంది. చక్కెర విరిగితే తెలియదు. రసం రంగు మారదు, తీపీ పోదు. అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్లకు అది తెలిసేది పెనం దించాకే. దిమ్మె కట్టాల్సిన పాకం జిగురుగా సాగుతుంది. ఎలాగో కట్టినా నాలుగు రోజులకే చెమ్మ పడుతుంది. అప్పుడడుగుతారు, ‘చెరకు ఎప్పుడు కొట్టారు?’ అని. గానుగ దగ్గర వినిపించే ఈ మాట నిజానికి రసాయనశాస్త్రం అడిగే ప్రశ్నే. కొట్టిన గడలో ఒక చర్య నడుస్తుంటుంది. సుక్రోజ్ అణువు నీటిని కలుపుకుని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంటుంది. ఎంత వేగంగా అన్నదే అసలు సంగతి.

ఆ వేగాన్ని సూత్రంలో పెట్టినవాడు జర్మనీకి చెందిన లుడ్విగ్ విల్‌హెల్మీ. మందుల దుకాణం నడిపి, దాన్ని అమ్మేసి చదువులో పడ్డాడు. 1850లో చెరకు చక్కెర మీద ఆమ్లం చేసే పనిని కొలిచి, ఏ క్షణంలోనైనా విరిగే చక్కెర ఆ క్షణానికి మిగిలిన చక్కెరకు అనుపాతంలో ఉంటుందని తేల్చాడు. మూడు దశాబ్దాలకు పైగా ఆ వ్యాసాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. 1884లో రసాయనశాస్త్రవేత్త ఆస్ట్‌వాల్డ్ గుర్తుచేశాకే దానికి విలువ వచ్చింది.

కొలవడానికి విల్‌హెల్మీ వాడింది పోలారిమీటర్. ద్రావణంలోంచి చుక్క కూడా బయటికి తీయనక్కర్లేదు. ధ్రువిత కాంతిని సుక్రోజ్ కుడివైపు తిప్పుతుంది. విరిగాక వచ్చే మిశ్రమం ఎడమకు తిప్పుతుంది, ఫ్రక్టోజ్ అంత గట్టిగా ఎడమకు లాగుతుంది మరి. ‘విలోమ చక్కెర’ అన్న పేరు అలా వచ్చిందే.

లెక్క చేసి చూద్దాం. 10 గ్రాముల పంచదార కరిగించి, కొంచెం ఆమ్లం చేర్చి, మొత్తం 100 మిల్లీలీటర్ల గీతకు తెచ్చామనుకోండి. (గీతకు తేవడం వేరు, 100 మిల్లీలీటర్ల నీళ్లు పోయడం వేరు. ఇంటర్ ల్యాబులో చాలామంది జారిపడే చోటిదే.) లీటరుకు 100 గ్రాములు, సుక్రోజ్ మోలార్ ద్రవ్యరాశి 342, కాబట్టి మోలారిటీ 0.29. ఇరవై సెంటీమీటర్ల గొట్టంలో ఈ ద్రావణం కాంతిని కుడికి 13.3 డిగ్రీలు తిప్పుతుంది. అంతా విరిగిపోయాక ఎడమకు దాదాపు 4.2 డిగ్రీలు. అంటే మొత్తం ప్రయాణం 17.5 డిగ్రీలు.

సగం విరగడానికి గంట పట్టిందనుకుందాం. గంటకు రీడింగ్ కుడివైపు 4.55 దగ్గర ఉంటుంది. మరో గంటకు మిగిలినదాంట్లో సగం పోయి 0.2 దగ్గరికొస్తుంది. 0.693ను 60తో భాగిస్తే వేగ స్థిరాంకం నిమిషానికి 0.0116. రెండు గంటలు దాటిన కొద్ది నిమిషాలకే రీడింగ్ సున్నా దాటుతుంది. సున్నా చూడగానే చక్కెర అయిపోయిందనుకుంటే దెబ్బతిన్నట్టే. అప్పటికింకా 24 శాతం సుక్రోజ్ ఉంటుంది. దాని కుడి లాగుడూ విలోమ చక్కెర ఎడమ లాగుడూ సరిసమానమయ్యాయంతే. అందుకే ఈ ప్రయోగంలో చిట్టచివరి రీడింగ్ లేకుండా ముందు రీడింగులకు అర్థం లేదు.

ఈ ఒక్క చర్య మీద ఎంత శాస్త్రం నిలబడిందో చూస్తే ఆశ్చర్యం. వేడికీ వేగానికీ ముడిపెట్టిన అరీనియస్ 1889 వ్యాసం చెరకు చక్కెర విలోమం గురించే. 1913లో మైకేలిస్, మాడ్ మెంటెన్ ఎంజైముల వేగానికి సమీకరణం కట్టిందీ ఇదే చక్కెరను విరిచే ఇన్వర్టేజ్ మీద.

మన పెనం దగ్గరా ఇదే లెక్క. చెరకు రసం కాస్త పులుపు, పీహెచ్ 5 పైచిలుకు. విలోమ వేగం హైడ్రోజన్ అయాన్ల గాఢతను బట్టి పెరుగుతుంది. సున్నపు తేట పోసి పీహెచ్‌ను ఒక్క అంకె పెంచితే ఆ గాఢత పదో వంతుకు పడిపోతుంది, వేగమూ పదో వంతవుతుంది. మడ్డి తేలడానికే సున్నం అనుకుంటాం గానీ, మరుగుతున్న రసంలో చక్కెరను కాచేదీ అదే. ఎక్కువైతే మాత్రం బెల్లం నల్లబడుతుంది.

తోటలో రైతు చేతిలో ఉండేది బ్రిక్స్ మీటర్. అది రసంలో కరిగిన పదార్థమెంతో చెబుతుంది, అది ఏ చక్కెరో చెప్పదు. గడ ఎండి నీరు పోతే బ్రిక్స్ పెరుగుతుంది కూడా. లోపల సుక్రోజ్ తరిగిపోతున్నా మీటర్ మెచ్చుకుంటూనే ఉంటుంది. బ్రిక్స్ పక్కన పోలారిమీటర్ అంకె పెడితేనే రసం శుద్ధత తెలిసేది.

ఫ్యాక్టరీకి తోలే చెరకు ధరలోనూ ఈ తేడా కనిపించదు. 2025-26 సీజన్‌కు కేంద్రం ప్రకటించిన చెరకు ధర 10.25 శాతం రికవరీకి, అంటే చెరకు నుంచి తీసిన చక్కెర శాతానికి, క్వింటాలుకు 355 రూపాయలు. ఆపైన ప్రతి 0.1 శాతానికి 3.46 రూపాయలు అదనం. ఆ రికవరీ ఫ్యాక్టరీ మొత్తానికి సగటు. తెల్లవారుజామున కొట్టి మధ్యాహ్నానికి గేటు దగ్గరికి తెచ్చిన లోడుకూ, మూడు రోజులు లైన్లో ఎండిన లోడుకూ ధర ఒకటే. తూకంలో తరిగింది కాటా మీద కనిపిస్తుంది. విరిగిన చక్కెర మాత్రం ఏ రైతు చీటీలోనూ కనిపించదు.