మొదటి రికార్డు చిన్నదైనా సరే: లండన్ డబ్ బ్యాండ్ నుంచి మన కిన్నెర దాకా

మాది అమ్రాబాద్. పోయిన ఎపిసోడ్ చూసి ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, స్టూడియో లేదు, పైసలు లేవు. నా పాట ఎవరు వింటరు?" దానికి జవాబుగా ఈ రోజు ఒక చిన్న రికార్డు సంగతి చెప్తా.

ముందు 'డబ్' అంటే ఏంటో చూద్దాం. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో కింగ్ టబ్బీ అని ఒకాయన ఉండేవాడు. రేడియోలు బాగుచేసే మనిషి. 1970ల మొదట్లో రెగే పాటల టేపులు తీసుకొని, గొంతు తగ్గించి, డ్రమ్స్, బేస్ ముందుకు తెచ్చి, అక్కడక్కడ ఎకో కలిపేవాడు. పాట పాతదే, వింటే మాత్రం కొత్తగా ఉంటుంది. మిక్సింగ్ బోర్డునే వాయిద్యంలా వాయించాడన్నమాట. అదే డబ్.

ఈ డబ్ జమైకా వాళ్లతో పాటు లండన్ చేరింది. 1993లో అక్కడ ఏషియన్ పిల్లలకు కంప్యూటర్‌తో మ్యూజిక్ నేర్పే వర్క్‌షాప్ జరిగింది. నేర్పింది అనిరుద్ధ దాస్, బేస్ వాయిస్తాడు. తోడున్నది జాన్ పండిట్. నేర్చుకోను వచ్చినోడు దీదర్ జమాన్, టీనేజ్ ర్యాపర్. అదే ఏడాది తూర్పు లండన్‌లో వలస వచ్చినవాళ్లంటే పడని పార్టీ ఒక కౌన్సిల్ సీటు గెలిచింది. అట్లాంటి రోజుల్లో ఈ ముగ్గురూ కలిసి 'ఏషియన్ డబ్ ఫౌండేషన్' పెట్టారు. 1994లో 'కాన్షస్' అనే ఈపీ తెచ్చారు. ఈపీ అంటే సింగిల్ కన్నా పెద్దది, ఆల్బమ్ కన్నా చిన్నది. పూర్తి ఆల్బమ్ 1995లో వచ్చింది. చూడండి, పంతులూ విద్యార్థీ ఒకే బ్యాండ్‌లో ఉన్నారు. పెద్ద స్టూడియో పిలుపు కోసం ఎదురుచూడలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. మన జిల్లాకే, లింగాల మండలం అవుసలికుంటకు చెందినవారు దర్శనం మొగులయ్య గారు. ఆయనది 12 మెట్ల కిన్నెర. వెదురు కర్ర, ఎండిన సొరకాయ బుర్రలు. కరెంటు లేని స్పీకర్ ఆ బుర్రే. దాని మీద పండుగ సాయన్న కథను ఏండ్ల తరబడి పాడిండు. 2021లో 'భీమ్లా నాయక్' టైటిల్ పాట మొదట్లో ఆయన గొంతు కొద్దిసేపే వినిపిస్తుంది. కానీ ఆ కొద్దిసేపే కిన్నెరను మనందరి ఫోన్లలోకి తెచ్చింది. 2022లో పద్మశ్రీ వచ్చింది.

కాబట్టి తమ్ముడూ, మీ ఊర్లో పాడే పెద్దమనిషి ఉంటే, ఆయన్ని అడిగి, ఒప్పుకుంటే ఈ వారమే రికార్డు చెయ్యి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు. ఫ్యాను ఆపు. పాట కన్నా ముందు ఆయన పేరు, ఊరు, తారీఖు చెప్పించు. వాట్సాప్‌లో పంపితే ఫైల్ నాణ్యత తగ్గొచ్చు, అసలు ఫైల్ దాచిపెట్టు. వినేటప్పుడు ఇయర్‌ఫోన్స్ వాడు, ఫోన్ స్పీకర్‌లో బేస్ సరిగ్గా రాదు.

రెండు నిమిషాల రికార్డైనా పర్వాలేదు. ఆ పెద్దమనిషి పోయినంక ఆయన గొంతు ఎక్కడా దొరకదు. ఉంటా మరి.