అమరముపై అమరిక

పామూరు, కనిగిరి ప్రాంతములలో పెరిగిన పిల్లవానికి పడవ యనిన వాచకములోని బొమ్మయే. వాని కంటికి తెలిసిన నీరు చెరువు, బావి, వాన కురిసిన నాలుగు దినములు పారెడి వాగు. ఐనను వాని సీమకు తూర్పున సముద్రము లేకపోలేదు. ఆ తీరమున పాకల, కొత్తపట్నము మొదలగు తీరగ్రామములు ఉన్నవి. అచ్చటి ఇసుకపై నిలిచిన పడవను చూడబోయినవాడు సాధారణముగా దాని ముందుభాగమునే చూచును. కోసుగా పైకి లేచిన ముక్కు, దానికి పూసిన రంగులు, వ్రాసిన పేరు కంటిని ఆకర్షించును. కాని గాలముతో వేటాడు పడవకు చేపను తెచ్చిపెట్టునది ఆ ముక్కు కాదు, వెనుక తట్టు. దానికే అమరము అని పేరు. ఆ కొద్దిపాటి చోటును ఎట్లు అమర్చిరో చూచినచో ఆ పడవ ఎట్టి వేటకు పోవునో, దానిపై పనిచేయువారికి ఎంత భద్రత కలదో గ్రహింపవచ్చును.

పత్రికలలో కనబడు రెండు ఆంగ్లపదములు చెవికి ఇంచుమించు ఒకే విధముగా వినబడి పొరపాటు కలిగించుచుండును. ట్రాలింగ్ అనగా పెద్ద సంచి వంటి వలను నీటిలోనికి దించి లాగుకొనిపోవుట. ట్రోలింగ్ అనగా సాగిపోవుచున్న పడవ వెనుక గాలపు తాళ్ళను వదలి, వాని కొసనున్న ఎరను బెదరి పారిపోవు చిన్నచేపవలె పరుగెత్తించుట. తెలుగున దీనిని ఈడ్పుగాలపు వేట అనవచ్చును. మొదటి దానిలో వలకు అడ్డుపడినదెల్ల వచ్చును. రెండవ దానిలో వెంటబడి ఎరను కరచిన చేప మాత్రమే వచ్చును. అందుచేత ఈ వేటలో చేపలు తక్కువ, ఒక్కొక్క దాని విలువ ఎక్కువ.

ఆంధ్రతీరమునకు గాలపు వేట క్రొత్త కాదు. తేలికకలప దుంగలను మోకులతో బిగించి కట్టిన తెప్పపై తెరచాప యెత్తి జాలరులు వంజరము కొరకు, సూర కొరకు దూరము పోవుచుండిరి. సూర యనగా ఇప్పుడు టూనా అని పిలువబడు చేప. ఆ తెప్పకు డెక్కు లేదు, గట్టు లేదు. మీదికి వచ్చిన అల దుంగల సందులనుండి దిగిపోవును. గత కొన్ని దశాబ్దములలో దుంగల స్థానమున ఫైబర్ గ్లాసు తెప్పలు, తెరచాప స్థానమున ఇంజనులు వచ్చినవి. అనకాపల్లి జిల్లాలోని పూడిమడక గాలముతో సూర చేపలను పట్టుటకు పేరు పొందినది. విశాఖపట్టణము వంటి రేవులలో వలపడవలను గాలపు వేటకు మార్చు ప్రయత్నములు కూడ జరిగినవి. పడవను మార్చుట యనగా వలను దించి గాలమును ఎక్కించుట మాత్రమే కాదు. దాని అమరమును మొదటినుండి తిరిగి ఆలోచించుట.

బరువు ఎచ్చట ఉండవలెను?

మెట్టసీమ రైతునకు బండి కట్టుట తెలియును. బస్తాలన్నియు వెనుకకు వేసినచో కాడి పైకి లేచి ఎద్దుల మెడలను ఎత్తును. ముందునకు వేసినచో మెడలు నలుగును. పడవకు నియమము ఇదియే, కాని శిక్ష ఇంకను కఠినము. అమరముపై మంచుపెట్టె, నూనె పీపా, తాళ్ళచుట్టలు, నలుగురు మనుష్యులు చేరినచో పడవ వెనుక కూరుచుండి ముక్కు పైకెత్తును. వెనుక గట్టునకును నీటికిని నడుమ ఎడము తగ్గును. అట్టి వేళ వెనుకనుండి తరుముకొని వచ్చు అల గట్టు దాటి లోపలికి దూకును. కావున బరువైన మంచుపెట్టెను పడవ నడుమకు జరుపుదురు. నూనెను వీలైనంత క్రిందుగా, ఇరుప్రక్కల సమముగా నిలుపుదురు. అమరముపై మిగులవలసినది పనిచేయు మనుష్యులు, వారి చేతికి కావలసిన కొద్ది వస్తువులు మాత్రమే.

లోపలికి వచ్చిన నీరు తనంతట పోవుటకు గట్టు అడుగున తూములు ఉండవలెను. ఈ తూముల విలువ ఒక చిన్న లెక్క వలన తెలియును. 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గల డెక్కుపై అర అడుగు నీరు నిలిచినచో అది 40 ఘనపుటడుగులు. దాని బరువు 1100 కిలోలు దాటును. అంతకంటె అపాయమేమనగా ఆ బరువు ఒకచోట నిలువదు. పడవ ఎటు ఒరిగిన అటే పరుగెత్తి ఇంకను ఒరుగజేయును. తూమునకు తాడు గాని, పాతసంచి గాని అడ్డుపడి యున్నచో ఒక్క అలతోనే ప్రమాదము సంభవింపవచ్చును. వేటకు బయలుదేరుటకు ముందు తూములను చేతితో తడవి చూచుట మంచి సరంగు లక్షణము.

తాళ్ళ సాలు

గొర్రుతో విత్తు రైతు సాలునకు సాలునకు ఎడము చెడకుండ చూచుకొనును. ఈడ్పుగాలపు వేటలో సమస్య అదియే. నాలుగైదు తాళ్ళు ఒకే పడవ వెనుక పరుగెత్తవలెను, ఒకదానితో నొకటి పెనగొనరాదు. ఇందుకొరకు పడవ రెండు ప్రక్కల వెదురు బొంగులనో లోహపు గొట్టములనో రెక్కలవలె చాచి కట్టుదురు. 20 అడుగుల బొంగును 45 డిగ్రీల వాలున నిలిపినచో దాని కొస ప్రక్కకు 14 అడుగులు చేరును. పడవ వెడల్పు 10 అడుగులైనచో ఇరుకొసల నడుమ 38 అడుగుల ఎడము దొరకును. త్రికోణమితి నేర్చు విద్యార్థికి ఇంతకంటె సజీవమైన ఉదాహరణ అరుదు.

వెడల్పుతో పాటు పొడవును కూడ మార్చుదురు. బొంగు కొసనుండి పోవు తాళ్ళు పొడవుగా, తేలికగా ఉండి ఎరను నీటిపైనే నడుపును. అమరము గట్టునుండి పోవు తాళ్ళు పొట్టిగా ఉండి, సీసపు గుండ్ల బరువుతో ఎరను కొంత లోతున ఈడ్చును. మెట్లవలె ఇట్లు ఏర్పరచినచో పడవ మలుపు తిరుగునప్పుడు ఒకటి పైన, ఒకటి క్రింద దాటిపోవును. గొర్రు తోలువాడు చేని గట్టు చేరగానే గొర్రునెత్తి తిప్పి మరల దించును. సముద్రముపై ఆ సౌకర్యము లేదు. అందుచేత సరంగు చాల విశాలముగా, నెమ్మదిగా తిప్పవలెను. ఇరుకుగా తిప్పినచో లోపలి వైపు తాళ్ళ వేగము తగ్గి, అవి క్రుంగి, ఇంజను పంకా రెక్కలకు చుట్టుకొనును.

పడవ వేగము సాధారణముగా 5 మొదలు 8 నాట్లు. ఒక నాటు గంటకు 1.852 కిలోమీటర్లు గనుక ఇది సైకిలు నడకకు సమానము. ఎదురుగా పరుగెత్తు చేప ఎరను అందుకొనినప్పటి కుదుపు తాడును తెంచగలదు. అందుకని తాడునకును గట్టునకును నడుమ గట్టి రబ్బరు గొట్టమునో తీగచుట్టనో తగిలింతురు. క్రికెట్ బంతిని పట్టువాడు చేతులను వెనుకకు తీసికొని దెబ్బను మెత్తబరచుట యిట్టిదే. ఎర గిరగిర తిరిగినను తాడు మెలిపడకుండ తిరుగుడు లంకె, వంజరము వంటి పదునైన పండ్ల చేపలు కొరికివేయకుండ గాలము దగ్గర ఉక్కుతీగ ఉండును. ఇవన్నియు చిన్న వస్తువులు, ఐనను ఇందొకటి లోపించిన ఒకనాటి నూనె ఖర్చు నీటిపాలు.

పలుపు, మణికట్టు

ఇక చేప తగిలిన పిమ్మట జరుగునది. రెక్కలు పసుపుపచ్చగా ఉండు పెద్ద సూర 30, 40 కిలోలు తూగుట సాధారణము, కొన్ని 100 కిలోలు కూడ దాటును. కొమ్ముకోనెము అను పొడవైన ముక్కు గల చేప ఇంకను బలమైనది. ఒంగోలు గిత్తను పట్టుకొని నడచు కాపు పలుపును మణికట్టునకు చుట్టుకొనడు. గిత్త బెదరినచో పలుపును విడువవచ్చును, చుట్టుకొనిన చేతిని విడిపింపరాదు. సముద్రముపై ఇదే సూత్రము ప్రాణసూత్రము. 2025లో అనకాపల్లి జిల్లా తీరమునుండి వేటకేగిన ఒక జాలరి, గాలమునకు చిక్కిన కొమ్ముకోనెమును లాగుచుండగా ఆ చేప లాగిన లాగునకు సముద్రములో పడి గల్లంతయ్యెను. తోడివారు ప్రక్కనే ఉండిరి, ఐనను క్షణములో జరిగిపోయినది.

అందువలన అమరముపై అమర్చు ప్రతి వస్తువును ఒక ప్రశ్నతో పరీక్షింపవలెను: బరువు ఒక్కసారిగా తాడుపై పడినప్పుడు మనిషి విడిపోగలడా? ఆ బరువును భరించునది గట్టునకు బిగించిన దృఢమైన గుంజ కావలెను, మనిషి చేయి కాకూడదు. గుంజకు ఒక చుట్టు వేసిన తాడును ఒక్క మనిషి కొద్దికొద్దిగా వదలుచు, లాగుచు చేపను అలసింపజేయగలడు. లోనికి లాగిన తాడు పాదముల చుట్టు పడియుండరాదు. దానిని వెంటవెంటనే ఒక గంపలోనికి గాని, తొట్టిలోనికి గాని చేర్చవలెను. తాడు తెంపుటకు పదునైన కత్తి, వెదకకుండనే చేయి చేరు చోట ఒరలో నిలువవలెను. నేల జారకుండ గరుకుగా ఉండవలెను. గట్టు మోకాలి కంటె ఎత్తుగా ఉండినచో ఒంగినవాని తొడలకు ఆనిక దొరకును. చుక్కాని పట్టినవానికి వెనుక పనివాడు కనబడవలెను, లేదా వాని కేక వినబడవలెను. చేప దగ్గరకు వచ్చినప్పుడు ఇంజను వేగము తగ్గించు చేయి, కొక్కెము వేయు చేయి ఒకే మాటమీద నడువవలెను.

పట్టిన తరువాత

చేప డెక్కుపైకి వచ్చుటతో పని ముగియదు. సూర చేప ఒడలు చుట్టునున్న నీటికంటె వెచ్చగా ఉండును. పెనగులాటలో ఆ వేడి ఇంకను హెచ్చును. ఎండలో పడవేసినచో మాంసము త్వరలో చెడి, హిస్టమిన్ అను పదార్థము అందులో పుట్టును. అది ఉడికించినను పోదు, తిన్నవారికి అస్వస్థత కలిగించును. కావున చేపను వెంటనే చంపి, రక్తము తీసి, మంచు కలిపిన సముద్రజలములో ముంచుదురు. పొడి మంచుముక్కలకంటె ఆ మిశ్రమము చేపను అన్ని వైపుల తాకి త్వరగా చల్లబరచును. అమరమునుండి మంచుపెట్టెకు దారి తిన్నగా, అడ్డములేక ఉండవలెననుటకు కారణమిదియే. దారిలో పోయిన ప్రతి నిమిషము ఒడ్డున దొరకు ధరను కొంత తగ్గించును.

దూరదేశముల పడవలను చూచినను ఈ సూత్రములే కనబడును. అమెరికా పసిఫిక్ తీరమున సాల్మన్ చేపల ఈడ్పుగాలపు పడవలకు అమరమున నడుము లోతు గుంట ఉండును. పనివాడు అందులో నిలిచి తాళ్ళను చుట్టు చక్రములను త్రిప్పును. పడవ ఎంత ఊగినను గుంట గోడలు వానిని పట్టియుంచును. లక్షద్వీపములలోని మినికాయ్‌లో వేట విధానము వేరు. అచ్చటివారు సజీవమైన చిన్నచేపలను చల్లి, వెదురు గడలతో సూరలను ఎగురవేసి పట్టుదురు. ఐనను వారు నిలుచునది పడవ వెనుక నిర్మించిన వెడల్పైన అరుగుమీదనే. ఎవరి సముద్రము వారిదైనను, మనిషి నిలుచు చోటును మొదట నిర్ణయించి, పనిముట్లను తరువాత అమర్చుట అందరికి ఉమ్మడి పాఠము.

ఈ పాఠమును నేర్పుటకు సముద్రము అక్కరలేదు. పామూరు బడి ఆవరణలో ఉపాధ్యాయుడు సుద్దతో 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గల దీర్ఘచతురస్రమును గీయవచ్చును. దానిలో నలుగురు విద్యార్థులను నిలిపి, ఒక పెట్టె, ఒక గంప, నాలుగు తాళ్ళు ఇచ్చి వానిని సర్దుమనవచ్చును. తరువాత ఒక తాడును హఠాత్తుగా వదలుగా లాగి, ఎవరి పాదము చిక్కినదో, కత్తికి బదులుగా ఉంచిన కొలబద్ద ఎవరి చేతికి అందలేదో చూడవచ్చును. రెండవ మారు వారే వస్తువులను వేరు విధముగా సర్దుదురు. మూడవ మారు నడుమ దారి ఏర్పడును. ఆ గీతల నడుమ నిలిచిన పిల్లలకు, తమ సీమకు తూర్పున తీరమున కొందరు మనుష్యులు ఎంత ఇరుకు చోటిలో, ఎంత జాగ్రత్తతో తమ అన్నము సంపాదించుకొనుచున్నారో అప్పుడు తెలియును.