కంప్యూటర్ మొరాయిస్తే ఫార్మాటే దిక్కా?

నిన్నటిదాకా బుద్ధిగా పనిచేసిన ప్రింటర్ ఇవాళ ఉలకదు పలకదు. ఏదో ప్రోగ్రాం తెరవగానే దానంతటదే మూసుకుపోతుంది. కంప్యూటర్ ఆన్ అయ్యేలోపు కాఫీ తాగి రావచ్చు. రిపేరు షాపుకి తీసుకెళ్తే ఏ ఊళ్ళోనైనా తరచూ వినిపించే మాట ఒకటే: "వైరస్ అండీ, ఫార్మాట్ కొట్టాలి." వైరస్ ఉండొచ్చు, కాదనలేం. కానీ ఎన్నోసార్లు అసలు సంగతి వేరు. మనమే ఎక్కించుకున్న రెండు సాఫ్ట్‌వేర్లకు ఒకదానితో ఒకటి పడదు. ఈ గొడవల చుట్టూ అల్లుకున్న అపోహలు మాత్రం బోలెడు. ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది విండోస్ కాబట్టి దాని సంగతే చూద్దాం.

అపోహ: రెండు యాంటీవైరస్‌లు ఉంటే రెట్టింపు రక్షణ.

వాస్తవం: రక్షణ మాట అటుంచి, కంప్యూటర్ కదలదు. మనం ఏ ఫైలు తెరిచినా యాంటీవైరస్ ముందు దాన్ని ఆపి, పరీక్షించి, ఆ తర్వాతే వదులుతుంది. రెండుంటే అదే ఫైలు కోసం రెండూ పోటీపడతాయి. ఒకటి పట్టుకుని విడిగా దాచిన వైరస్ ఫైలును చూసి రెండోది "దొరికింది" అని అలారం మోగిస్తుంది. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌కి ఈ మాత్రం మర్యాద తెలుసు. వేరే యాంటీవైరస్ వేస్తే అది సాధారణంగా తనే పక్కకు తప్పుకుంటుంది. బయటి నుంచి తెచ్చిన రెండింటికి ఆ మర్యాద ఉంటుందనుకోవద్దు. పైగా పాతదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసినా దాని డ్రైవర్లు కొన్ని వెనకే ఉండిపోవచ్చు. వాటిని పూర్తిగా ఊడ్చేయడానికి ప్రధాన యాంటీవైరస్ కంపెనీలు రిమూవల్ టూల్ అని విడిగా ఇస్తాయి, ఉచితంగానే.

ఇలాంటి రక్షణ సాఫ్ట్‌వేర్లు విండోస్ లోలోపలి పొరలో, కెర్నెల్‌లో కూర్చుని పనిచేస్తాయి. అక్కడ తప్పు జరిగితే ఏమవుతుందో 2024 జులై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి పడిపోయాయి. హైదరాబాద్‌లో విమానం ఎక్కాల్సినవాళ్ళకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది కంపెనీలకు అమ్మే సాఫ్ట్‌వేర్ కాబట్టి ఇళ్ళకు ఆ సెగ తగల్లేదు. రెండు సాఫ్ట్‌వేర్ల తగాదా కూడా కాదది. అయినా ఇక్కడ ఎందుకు చెప్తున్నానంటే, దానికి చెప్పిన మందు ఫార్మాట్ కాదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ ఒక్క ఫైలును తీసేయడం.

అపోహ: డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి నాలుగుసార్లు రిఫ్రెష్ కొడితే కంప్యూటర్ తేరుకుంటుంది.

వాస్తవం: ఐకాన్లను మళ్ళీ గీస్తుంది, అంతే. చేతులకు వ్యాయామం. రన్‌లోకి వెళ్ళి ప్రీఫెచ్ ఫోల్డర్ ఖాళీ చేయడం ఇంకో ఆచారం. తరచూ వాడే ప్రోగ్రాములు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ రాసుకునే వివరాలు అందులో ఉంటాయి. వాటిని చెరిపితే ఆ ప్రోగ్రాములు తర్వాతిసారి ఇంకాస్త ఆలస్యంగానే తెరుచుకుంటాయి.

అపోహ: షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేస్తే రీస్టార్ట్ చేసినట్టే.

వాస్తవం: విండోస్ 8 నుంచి కాదు. ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం చాలా కంప్యూటర్లలో ముందే ఆన్ అయి వస్తుంది. అది ఉన్నప్పుడు షట్‌డౌన్ కొడితే మన ప్రోగ్రాములు మూతపడతాయి కానీ కెర్నెల్‌నీ, డ్రైవర్లనీ విండోస్ ఉన్నవి ఉన్నట్టుగా డిస్కులో దాచుకుని, ఆన్ చేయగానే అవే తెచ్చి పెడుతుంది. పేచీ పెడుతున్న డ్రైవర్ కూడా వాటితోపాటే తిరిగొస్తుంది. రీస్టార్ట్ కొడితేనే అన్నీ మొదటినుంచి లోడవుతాయి. "నిన్న రాత్రి ఆపేసి పొద్దున ఆన్ చేశానండీ, అయినా అంతే" అనేవాళ్ళు ఒకసారి రీస్టార్ట్ కొట్టి చూడండి.

అపోహ: తెలుగు ఫైలు తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయంటే వైరస్ పట్టినట్టే.

వాస్తవం: ఇది మన తెలుగువాళ్ళ సొంత తలనొప్పి. పెళ్ళి శుభలేఖో, కరపత్రమో డీటీపీ చేసిచ్చిన ఫైలును ఇంట్లో వర్డ్‌లో తెరిస్తే తెలుగుకు బదులు నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఇంగ్లిష్ అక్షరాలు వరసగా కనిపిస్తాయి. అను లాంటి యూనికోడ్ కాని ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు ఆకారాలను కూర్చోబెట్టుకుంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌కి కింద ఉన్న ఇంగ్లిషే కనిపిస్తుంది. ఫాంటు వేయాలి, లేదా ఆ మేటర్‌ని యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి. ఈ జబ్బుకు ఫార్మాట్ చేస్తే ఉన్న ఫాంట్లు కూడా పోతాయి.

కీబోర్డు సంగతీ ఇలాంటిదే. అను స్క్రిప్ట్ మేనేజర్ లాంటివి మనం నొక్కిన కీని మధ్యలోనే అందుకుని మార్చేస్తాయి. అదే సమయంలో విండోస్ సొంత తెలుగు కీబోర్డు కూడా ఆన్‌లో ఉంటే ఒకటి మార్చినదాన్ని రెండోది మళ్ళీ మారుస్తుంది. మీరు ఒకటి కొడితే తెర మీద ఇంకొకటి పడుతుంది. కీబోర్డు పాడైందని కొత్తది కొనకండి. విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కి ఇంగ్లిష్‌కి మార్చి, ఆ తర్వాత మీ టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ని నడపండి.

అపోహ: ఈవెంట్ వ్యూయర్‌లో ఎర్ర గుర్తులుంటే కంప్యూటర్ పని అయిపోయినట్టే.

వాస్తవం: నిక్షేపంలా ఉన్న కంప్యూటర్లోనూ అవి ఉంటాయి. "మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం" అంటూ ఫోన్ చేసే మోసగాళ్ళకు ఇష్టమైన తెర ఇదే. చూపించి హడలగొట్టి, కంప్యూటర్‌ని తమ చేతుల్లోకి తీసుకుంటారు. మైక్రోసాఫ్ట్ అలా తనంత తానుగా ఎవరికీ ఫోన్ చేయదు. మీకు పనికొచ్చేది ఇంకొకటుంది. స్టార్ట్ దగ్గర రిలయబిలిటీ అని వెతికితే వ్యూ రిలయబిలిటీ హిస్టరీ అని వస్తుంది. ఏ తేదీన ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కింది, ఏ అప్‌డేట్ వచ్చింది, ఏ ప్రోగ్రాం కూలింది అన్నీ రోజులవారీగా ఉంటాయి. మొదటి ఎర్ర గుర్తు పడ్డ రోజు, దానికి ముందు రోజు ఏం ఎక్కిందో చూడండి. అనుమానితుడు తరచుగా అక్కడే దొరుకుతాడు.

అపోహ: గొడవ ఎవరిదో కనిపెట్టడం మామూలువాళ్ళ వల్ల కాదు.

వాస్తవం: ఓపిక ఉంటే చాలు. ముందు సేఫ్ మోడ్. షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ కొడితే దానికి దారి చూపించే మెనూ వస్తుంది. అందులో అత్యవసరమైన డ్రైవర్లు మాత్రమే నడుస్తాయి. అక్కడ సమస్య మాయమైతే విండోస్‌నీ, హార్డ్‌వేర్‌నీ చాలావరకు వదిలేసి, పైన ఎక్కించినవాటి మీద దృష్టి పెట్టొచ్చు.

తర్వాతిది క్లీన్ బూట్. రన్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, సర్వీసెస్‌లో "హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్" దగ్గర టిక్ పెట్టండి. ఇది మరిచిపోతే విండోస్‌కి కావలసినవి కూడా ఆగి కొత్త కష్టం మొదలవుతుంది. మిగిలినవాటిలో ఏవి ఆన్‌లో ఉన్నాయో ఫోన్‌తో ఫొటో తీసుకుని, అన్నిటినీ ఆపండి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితానూ అలాగే ఆపి, రీస్టార్ట్ చేయండి. సమస్య పోతే సగం వాటిని తిరిగి ఆన్ చేయండి. తిరిగొస్తే దోషి ఆ సగంలో ఉన్నట్టు, రాకపోతే రెండో సగంలో. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే 32 సర్వీసులున్నా ఐదు రీస్టార్టులకు దొరుకుతుంది.

ఒక మెలిక ఉంది. పోట్లాటకు ఇద్దరు కావాలి. మొదటి సగం ఒక్కటే ఆన్‌లో ఉంటే బాగుంది, రెండో సగం ఒక్కటే ఉన్నా బాగుంది, రెండూ కలిస్తేనే పేచీ అంటే, ఒకడు ఇటు, ఒకడు అటు ఉన్నారన్నమాట. అప్పుడు ఒక సగాన్ని పూర్తిగా ఆన్‌లో ఉంచి, రెండోదాన్నే సగం చేస్తూ వెతకాలి. ఇది తెలియకే చాలామంది మధ్యలో విసిగి వదిలేస్తారు.

అపోహ: ఫార్మాట్ చేస్తే ఇక బెంగ లేదు.

వాస్తవం: వారం తిరక్కుండా పాత సాఫ్ట్‌వేర్లన్నీ మళ్ళీ ఎక్కిస్తారు, పడని ఆ రెండూ మళ్ళీ ఒకే ఇంట్లో చేరతాయి. ఎవరి వల్ల వచ్చిందో చెప్పే ఆధారాలు మాత్రం ఫార్మాట్‌తోనే తుడిచిపెట్టుకుపోతాయి. ముందు సిస్టం రీస్టోర్ చూడండి. డ్రైవర్లనీ, సెట్టింగులనీ పాత తేదీకి తీసుకెళ్తుంది, ఆ తేదీ తర్వాత ఎక్కించిన ప్రోగ్రాములు పోతాయి, మీ ఫొటోలూ డాక్యుమెంట్లూ అలాగే ఉంటాయి. చాలా కంప్యూటర్లలో అది ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి ఇవాళే ఆన్ చేసి పెట్టుకోండి. డిస్కే చెడిపోతుంటే, వైరస్ నిజంగానే ఫైళ్ళను తినేస్తుంటే ఫార్మాట్ వేరే సంగతి.

షాపువాళ్ళు ఫార్మాట్ అనగానే "క్లీన్ బూట్ చేసి చూశారా?" అని అడగండి. లేదంటే, పిల్లల ఫొటోలు ముందు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయించుకుని, కంప్యూటర్ ఇంటికి తెచ్చేసుకోండి. ఆ పరీక్ష మీరే చేసుకోవచ్చు.