బిందెడు నీళ్లతో పెరటి తోట

బ్రహ్మంగారిమఠం వైపు ఎండల సంగతి మీకు వేరే చెప్పాలా? తెలుగుగంగ నీళ్లు నిలిపే బ్రహ్మంసాగరం పక్కనే ఉన్నా, వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, పెరట్లో మట్టి గట్టిపడిపోతుంది. "తాగే నీళ్లే బిందెలతో మోసుకుంటుంటే మొక్కలకెక్కడ పోసేది?" అని మీరనవచ్చు. నిజమే, ఆ బిందె మోసేది మీరే! అందుకే మొక్కను ఎంచుకోవడంలోనే ఉంది కిటుకంతా. గులాబీ, కనకాంబరం మీద మోజుంటే ఒక్కో కుండీతో సరిపెట్టుకోండి.

ముందు మునగ. నిలదొక్కుకునే దాకా నీళ్లు పోస్తే చాలు, ఆ పైన దాని బతుకు అది బతుకుతుంది. తమిళనాడులోని పెరియకుళంలో రూపొంది, 1989లో విడుదలైన పి.కె.ఎం.1 రకం గింజ నాటితే ఆరేడు నెలలకే కాపుకొస్తుంది. కాపు అయ్యాక మూడడుగుల ఎత్తున నరికేయండి. మళ్లీ చిగురించి కాయలు చేతికందేటట్టు కాస్తుంది. కొమ్మ పెళుసు, పిల్లల్ని మాత్రం ఎక్కనివ్వకండి.

తొలకరికి గోంగూర, గోరుచిక్కుడు గింజలు వేయండి. మన వైపు మటిక్కాయలంటామే, అవే. వేరు లోతుకు పోతుంది కాబట్టి వానకు వానకు మధ్య ఎడమొచ్చినా తట్టుకుంటాయి.

ప్రహరీ మీదికి నల్లేరు పాకించారా? కణుపు గుచ్చితే చాలు, బతుకుతుంది. లేత కణుపులే పచ్చడికి పనికొస్తాయి. చేతులకు నూనె రాసుకుని నార తీయండి, లేకపోతే దురద. నూనెలో బాగా వేయించి, చింతపండు కాస్త ఎక్కువే వేసి నూరండి. పచ్చిదనం మిగిలితే గొంతు దురద పెడుతుంది.

పూలకైతే కాగితం పూలు, బిళ్లగన్నేరు, గడ్డిరోజా. కాగితం పూల తీగకు నీళ్లు ఎక్కువ పోస్తే ఆకులే తప్ప పూలుండవు! ఎడారి గులాబీ లావు మొదట్లో నీళ్లు దాచుకుంటుంది, కుండీ పూర్తిగా ఆరాకే పోయాలి. కానీ దాని పాలు విషం. గన్నేరు అయితే ఆకు, పువ్వు, కాయ అన్నీ విషమే. పాకే పిల్లలున్న ఇంట్లో ఈ రెండూ వద్దంటాను.

ఇక కాకర, వంగ పెట్టాలని ఉంటే కుండ పద్ధతి చూడండి. చైనాలో రెండు వేల ఏళ్ల కిందటి వ్యవసాయ గ్రంథంలోనే ఉందిది. రంగు వేయని మట్టికుండను మెడ దాకా పాతి, చుట్టూ మొక్కలు పెట్టి, నీళ్లు నింపి మూత వేయండి. మూత లేకపోతే దోమలు చేరతాయి. కుండ చెమ్మగిల్లుతూ వేళ్లకు కావలసినంతే అందిస్తుంది, నీరు ఎండకు ఆవిరైపోదు. తాగడానికి పనికిరాని అంచు విరిగిన పాత కుండైనా సరే, నీళ్లు పోస్తే బయట తడి కనిపించాలి, అంతే. ఉప్పు నీళ్లయితే కొన్నాళ్లకు సన్న రంధ్రాలు మూసుకుపోతాయి, అప్పుడు కుండ మార్చాలి.

మొదళ్ల చుట్టూ చెనిక్కాయ పొట్టు రెండంగుళాల మందాన పరవండి, తడి త్వరగా ఆరదు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు పారబోయకండి. సబ్బు నీళ్లు మాత్రం ఆకుకూరలకు వద్దు. రోజూ చెంబెడు చిలకరించడం కంటే నాలుగు రోజులకోసారి, సాయంత్రం పూట, మొదట్లో నిండుగా పోయండి. పైపైన తడిపితే వేళ్లు పైనే ఉండిపోయి, మీరు రెండ్రోజులు ఊరెళ్లేసరికి మొక్క వాడిపోతుంది.