పాత కారుకు గేరు దొరకాలంటే

పిల్లలూ! మీ అమ్మానాన్నల ఆఫీసు ఆవరణలో ఏ మూలనో దుమ్ముపట్టిన తెల్ల అంబాసిడర్ కారును చూశారా? ఒకప్పుడు ప్రభుత్వ అధికారి అంటే ఆ కారే గుర్తొచ్చేది. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ దాన్ని పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారుచేసేది. 2014 మే నెలలో తయారీ ఆగింది. తయారీ ఆగితే మెల్లగా విడిభాగాలకూ కరువొస్తుంది. అందులో ఎక్కువ చిక్కు తెచ్చేది గేరుబాక్సు.

ఇంజను వేగంగా తిరుగుతుంది. కానీ బండి కదిలేటప్పుడు చక్రాలకు వేగం కన్నా బలం ముఖ్యం. 15 పళ్ళ చక్రం 45 పళ్ళ చక్రాన్ని తిప్పిందనుకోండి. మొదటిది మూడు చుట్లు తిరిగితే రెండోది ఒక్క చుట్టే తిరుగుతుంది. వేగం మూడో వంతుకు తగ్గి, తిప్పే బలం దాదాపు మూడు రెట్లవుతుంది. ఇలాంటి జతలున్న పెట్టే గేరుబాక్సు.

వేరువేరు వేగాలతో తిరిగే భాగాలను ఒక్కసారిగా కలిపితే పళ్ళు కరకరమంటాయి. అందుకే మధ్యలో సింక్రో రింగు అనే చిన్న ఇత్తడి రింగు ఉంటుంది. అది ముందు ఒరుసుకుని రెండింటి వేగాన్ని సమం చేస్తుంది. ఆ తర్వాతే అవి కలుస్తాయి. బదిలీ మీద కొత్త బడికి వచ్చిన మొదటి వారం మనకూ అలాంటి రింగు ఒకటి కావాలి! పాత అంబాసిడర్‌లో ఫస్టు గేరుకు ఈ రింగు లేదు. అందుకే డ్రైవర్లు బండి పూర్తిగా ఆగాకే ఆ గేరు వేసేవారు. తొందరపడితే పళ్ళ అంచులు దెబ్బతినేవి.

గేరుబాక్సులో అన్నీ దొరకనివేం కావు. బేరింగులకు ప్రపంచమంతా ఒకే నంబర్లు ఉంటాయి. 6205 అంటే చివరి 05ను 5తో గుణించండి. లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు! ఏ కంపెనీ చేసినా అంతే. గాస్కెట్‌ను షీటు మీద గీసి కత్తిరించుకోవచ్చు. బుష్‌ను లేత్ మీద చేయించవచ్చు.

గేరు అలా కాదు. పళ్ళ సంఖ్య సరిపోతే చాలదు. పంటి సైజు, వంపు, ఏటవాలు కూడా జతతో కలవాలి. ఉక్కుకు సుమారు 900 డిగ్రీల వేడిలో కార్బన్ పట్టించి చల్లారిస్తే పైపొర గట్టిపడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. అంతా మెత్తనైతే అరుగుతుంది, అంతా గట్టిదైతే విరుగుతుంది. పైగా కలిసి తిరిగిన జత కలిసే అరుగుతుంది. ఒక్కదాన్నే మారిస్తే మోత తప్పదు. ఒక్క కారు కోసం ఇంత పని చేయించడం చాలా ఖర్చు. అందుకే మెకానిక్కులు పాడైన రెండు గేరుబాక్సులు విప్పి, మంచి భాగాలతో ఒకటి నిలబెడతారు.

అంటే పాత కారుకు ప్రాణం మరో పాత కారే. 2021 నాటి నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న కారుకు వింటేజ్ గుర్తింపు దొరుకుతుంది. మరోవైపు 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దవుతోంది. అవి తుక్కుకు వెళతాయి. పొగ తగ్గడానికి అది అవసరమే. మన రాయ్‌పూర్‌లో ఉర్లా, సిల్తరా ఫర్నేసులు తుక్కును కరిగించి కొత్త ఉక్కు చేస్తాయి. కానీ గేరు కరిగితే లోహం తిరిగి వస్తుంది, దాని కొలత తిరిగి రాదు.

కాబట్టి ఎక్కడైనా పాత గేరు కనిపిస్తే పళ్ళు లెక్కపెట్టండి, కొలిచి నోటుబుక్కులో బొమ్మ గీయండి. పేరు, తేదీ రాయండి. ఆ కాగితం రేపు ఒక కారును కదిలించవచ్చు.