ఇంటి ముంగిట నిలిచిన బండి

తెల్లవారుజామున లేచి వాకిలి యూడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టుట మన యిండ్లలో దినమునకు మొదటి పని. ఒక శ్రావణమాసమున మేము వేములవాడలో బంధువుల యింట నాలుగు దినములుంటిమి. సోమవారమునాటి యుదయమున ఆ యింటి కోడలు చీపురు చేతబట్టి తలుపు తీయగా, గడపకు మూరెడు దూరమున నొక కారు నిలిచియుండెను. అది యెవరిదో తెలియదు. నడిరేయి వచ్చిన యాత్రికు లెవరో దానిని నిలిపి గుడికి పోయియుందురు. ఆమె కారు చుట్టును ఊడ్చి, మిగిలిన జానెడు చోట నాలుగు చుక్కలు పెట్టి లోనికి వచ్చినది. “సోమవారము ముగ్గు ఇంతే వదినా” అని నవ్వినది.

నవ్వుటకు వీలుగాని సంగతి ఆ మధ్యాహ్నమే జరిగినది. ఎదురింటి ముసలమ్మకు ఆయాసము హెచ్చెను. 108 బండికి కబురు పంపిరి. అది త్వరగానే వచ్చినది గాని సందు మొదటనే నిలిచిపోయినది. లోపల వరుసగా రెండు కార్లు. వాటి యజమానులు దర్శనపు వరుసలో నుండిరి. నలుగురు పిల్లవాండ్రు ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి, కార్లకును గోడలకును నడుమ ప్రక్కవాటుగా దూరుచు, సందు చివరివరకు మోసికొనిపోయిరి. ఆమె బ్రతికినది, కావుననే యీ సంగతి నింత నెమ్మదిగా వ్రాయగలుగుచున్నాము.

లెక్క మిక్కిలి చిన్నది. మామూలు కారు వెడల్పు అయిదున్నర అడుగులు. గోడకు అరడుగు ఎడముగా నిలిపినచో ఆరడుగులు పోయినట్లే. పండ్రెండడుగుల సందులో మిగులున దారడుగులు. ఆ దారిని ఆటో పోవును, స్కూటరు పోవును, గ్యాసుబండ తెచ్చువాడు బండను దొర్లించుకొనియైనను వచ్చును. రోగుల బండి వెడల్పు ఆరడుగులకు పైబడియుండును. మంట లార్పు బండికి ఎనిమిదడుగులైనను కావలయును. అందుచేత ఒక్క కారు నిలిచినచో ఆ సందులోని యిండ్లన్నియు, ఎంత చక్కగా కట్టినవైనను, ఆపదవేళ ఊరికి వెలియైనట్లే.

వేములవాడ సందులు కార్లకొరకు పుట్టినవి కావు. వేయి సంవత్సరములకు ముందు చాళుక్యరాజు లేలిన యూరిది. రెండవ అరికేసరి కొలువులో కన్నడ మహాకవి పంపడు వెలసిన చోటు. గుడిచుట్టు నడకకును ఎడ్లబండికిని చాలునట్లుగా వీథు లేర్పడినవి. హైదరాబాదునుండి సుమారు 150 కిలోమీటర్ల దూరము. మునుపు బస్సులలో వచ్చినవా రిపుడు సొంతబండ్లలో వచ్చుచున్నారు. సోమవారములు, శ్రావణ కార్తిక మాసములు, మహాశివరాత్రి యన్నవి అటుండగా, రెండేండ్ల కొకమారు జరుగు మేడారము జాతరకు పోవువారు ముందుగా రాజన్నను దర్శించుట ఆనవాయితీ. 2024లోను 2026లోను ఆ జాతర జరిగినది. అట్టి యేటను జాతరకు ముందటి వారములలో ఈ సందులలోని గృహిణు లెట్లు నెట్టుకొని వత్తురో చూచినవారికే తెలియును. 2025లో మూలవాగు వంతెన వైపునుండి గుడివరకు గల పెద్దదారిని వెడల్పు చేయుటకై ఇరుప్రక్కల కట్టడములను పడగొట్టిరి. పెద్దదారి వెడల్పగుట మంచిదే. కాని దానివలన ప్రక్కసందు ఒక్క అంగుళమైనను పెరుగదు. ఇంకను ఎక్కువ బండ్లు దానిలోనికి తిరుగును.

ఈ క్షేత్రమున స్వామికి కోడె మొక్కు చెల్లింతురు. మొక్కుకున్నవారు కోడెను పట్టుకొని ప్రదక్షిణము చేసి, దాని కేర్పడిన తావున కట్టివేసి వత్తురు. ఎంత భక్తుడైనను కోడెను తెచ్చి పరుల గడపకు కట్టి పోడు గదా! కారునకు మాత్రము ఆ మర్యాద యెందులకు లేకపోయినదో మాకు బోధపడలేదు.

తప్పంతయు యాత్రికులదే యనుట న్యాయముగాదు. ఈ ప్రాంతమునుండి గల్ఫుదేశములకు పోయి కష్టించిన సొమ్ముతో కొన్న కార్లెన్నో యిండ్లముందు నున్నవి. స్థలము చివరివరకు గోడ లేపి, మెట్లను వీథిలోనికి దింపి, బండికి మాత్రము ఇంట చోటు విడువరు. మా బంధువుల యింటను అట్లే యున్నదని సిగ్గుతో నొప్పుకొనవలసియున్నది.

సందులలో బండ్లు నిలుపరాదని కట్టడి చేయవలెనని మే మనగా, ఆ వీథిలోనే యాత్రికులకు గదు లద్దెకిచ్చి జీవించు నొక అవ్వ చప్పున మారు పలికినది: “బండి పెట్టొద్దంటె నా అర్ర ఎవ్వలు దీస్కుంటరు బిడ్డా?” ఆ మాటకు మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆమె కొడుకు లేడు. ఆ రెండు గదులే ఆమె కన్నము. ఆమె మాటను త్రోసిపుచ్చిన కట్టడి ఏదియు నిలువదు, నిలువనుగూడదు.

చట్టము లేదా యన్నచో, ఉన్నది. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 122వ సెక్షను, ఇతరులకు అపాయమో అడ్డమో తగని యిబ్బందియో కలుగునట్లు బహిరంగస్థలమున బండిని నిలుపరాదనుచున్నది. 117వ సెక్షను ప్రకారము బండ్లు నిలుపదగు తావులను నిర్ణయించు అధికారము ప్రభుత్వమునకు గలదు. నిషేధించినచోట నిలిపిన బండిని తొలగించుటకు 127వ సెక్షను వీలిచ్చుచున్నది. అయిన నేమి? ఇచట నిలుపరాదని పలక లేనిచోట పోలీసువారు వచ్చియు చేయునది తక్కువ.

ఇది మనకే వచ్చిన చిక్కు కాదు. రోమునగరములో జూలియస్ సీజరు కాలమునాటి శాసన మొకటి పగటివేళ సరకుబండ్లను చాలవరకు వీథులలోనికి రానీయలేదు. అవి రాత్రులందు వచ్చి జనులకు నిద్ర లేకుండ జేసినవట! జపానువారి పద్ధతి యింతకంటె తెలివైనది. 1962లో వారు చేసిన చట్టమువలన, కారు కొనువాడు దానిని నిలుపుటకు ఇంటికి రెండు కిలోమీటర్లలోపల తనకు చోటున్నదని చూపి పోలీసుఠాణానుండి పత్రము పొందవలయును. ఒకేచోట వీథిలో ఎడతెగక పండ్రెండు గంటలు, రాత్రివేళ నైనచో ఎనిమిది గంటలు బండి నుంచుటయు నేరమే. అచటి సందులు మన సందులకంటె వెడల్పయినవేమియు కావు. రేపే యీ పద్ధతి నిచట పెట్టవలెనని మేము కోరము. చోటు చూచుకొనియే బండి కొనవలెనను తలంపు మాత్రము మన యిండ్లలోనికి రావలసియున్నది.

వేములవాడకు మేము కోరునది స్వల్పము. మొదట, ఊరి వెలుపల బండ్లకు చోటు చూపి, అచటినుండి గుడికి చిన్నబండ్లు నడుపవలయును. చోటు చూపక జుల్మానా వేయుట దోపిడియే. పదునైదడుగులకు లోబడిన సందులలో కార్లు నిలుపుట బొత్తిగా మానవలయును. అంతకంటె వెడల్పైనచోట ఒకే ప్రక్కన, గడపలకును మలుపులకును ఎడముగా నిలుపనీయవచ్చును. గదు లద్దెకిచ్చు అవ్వవంటివారి యతిథులు సామాను దించుకొనుటకు కాలుగంట చాలును; పిమ్మట బండిని బయటికి పంపవచ్చును. ఆ మాట చెప్పగా ఆమె కొంత మెత్తబడినది. “మోసుకపొయ్యేటోళ్లుంటె సరే” అన్నది.

సోదరీమణులు దీనిని మగవారి పనియని యెంచి యూరకుండవలదు. తెలంగాణమునందలి 2019వ సంవత్సరపు పురపాలకచట్టము ప్రతి వార్డునకును నాలుగు సంఘముల నేర్పరచుచున్నది. అందొకటి స్త్రీలది, పదునైదుగురు సభ్యులది. పురపాలక స్థానములలో సగము స్త్రీలకే ప్రత్యేకింపబడినవి. వాకిలి సంగతి వాకిలి యూడ్చువారే చెప్పవలయును.

వేములవాడలో సద్దుల బతుకమ్మ తొమ్మిదవ దినమున గాక ఏడవ దినముననే జరుగును. అత్తవారింటను పుట్టింటను రెండుచోట్లను ఆడుటకు అనువని పెద్దలు చెప్పుదురు. తంగేడు, గునుగు పూలతో పేర్చిన బతుకమ్మలను నడుమ నుంచి చుట్టును తిరుగవలెనన్న, సందులో పది అడుగుల చోటైనను కావలయును. అచటి ఆడుబిడ్డ లిపుడు కార్లు లేని మూల వెదకికొని ఆడుచున్నారు.

మేము బయలుదేరునాడు ఆ యింటి కోడలు కుట్టుపని టేపు తెచ్చినది. ఒక కొస ఆమెయు, ఒక కొస మేమును పట్టి సందును మూడుచోట్ల కొలిచితిమి. పదకొండడుగుల నాలుగంగుళములు, పండ్రెండడుగులు, మెట్ల యొద్ద తొమ్మిదిన్నర. ఆ మెట్లు మా బంధువులవే. ఈ కొలతలను, వీథిలోని పదునాలుగు ఇండ్లవారి సంతకములను ఒక కాగితముమీద చేర్చి ఆ వార్డు సభ్యురాలి కిచ్చితిమి. ఆమె కాగితము చదివి, “మెట్ల సంగతి ముందు మీరు చూడుండ్రి, పలక సంగతి నేను చూస్త” అన్నది. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పగా ఇంటి యజమాని కొంతసేపు మాటాడలేదు. ఆ పిమ్మట మేస్త్రీకి కబురు పంపినాడు.