పై పన్ను పీకిస్తే చూపు పోదు: పళ్ళ గురించిన అపోహలు – వాస్తవాలు

పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందన్న నమ్మకం తెలుగు నేల మీద ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, కింది దవడలో పుచ్చిన పన్నును ఏ సంకోచమూ లేకుండా తీయించుకునే మనిషి కూడా, పై దవడలో అంతకంటె అధ్వానంగా పుచ్చిన పన్ను దగ్గరికి వచ్చేసరికి కంటి నరం పేరు చెప్పి వెనక్కి తగ్గుతాడు. తగ్గి ఊరుకోడు, మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని, ఆర్‌ఎంపీ రాసిన యాంటీబయాటిక్‌ను రెండు మూడు రోజులు మింగి, వాపు తీయగానే మానేసి, నెల తిరిగేసరికి అదే చెంప వాచి మళ్ళీ అదే షాపు ముందు నిలబడతాడు. ఇలా ఏళ్ళ తరబడి చీము కట్టిన పన్నును నోట్లో భద్రంగా దాచుకోవడం కంటిని కాపాడుకోవడానికేనట. ఆ కంటికి నిజంగా ముప్పు తేగలిగింది ఆ పన్నే అన్నది మాత్రం ఎవరికీ పట్టదు.

మెదడు నుంచి నేరుగా బయలుదేరే నాడులను కపాల నాడులంటారు. అవి 12 జతలు. చూపును మోసేది వాటిలో రెండవదైన దృక్ నాడి. అది కంటి వెనుక గోడలోని రెటీనా, అంటే వెలుతురును గ్రహించే పొర, దగ్గర మొదలై కంటిగుంట వెనుక రంధ్రం గుండా మెదడులోకి పోతుందే తప్ప దవడ వైపు ఒక్క పోగునైనా పంపదు. పళ్ళకు నొప్పి తెలిసేది ఐదవదైన త్రిధార నాడి వల్ల. పేరుకు తగ్గట్టు అది మూడు పాయలుగా చీలి, ఒకటి నుదురుకూ కంటి పరిసరాలకూ, రెండవది పై దవడకూ, మూడవది కింది దవడకూ చేరుతుంది. మొదటి పాయ కంటి దగ్గరికి పోతున్నది కదా అని వాదించేవారుంటారు. పోతుంది నిజమే, కాని అది కంట్లో నలుసు పడితే బాధ తెలిపే నాడి, చూపునిచ్చేది కాదు, పైగా పై పళ్ళకు సంబంధించిన పాయ అదీ కాదు. మూడు పాయలకూ మొదలు ఒకటే కావడం వల్ల నొప్పి ఎక్కడ పుట్టిందో మెదడు సరిగ్గా పోల్చుకోలేదు. పై పంటి పోటు కణతకూ కంటి చుట్టూ పాకినట్టు అనిపించేది అందుకే. జనం కంటి నరం అంటున్నది ఈ పాకే పోటునే.

పన్ను తీయడం అంటే నరాన్ని వేళ్ళతో సహా పెకలించడం అన్న ఊహ కూడా ఈ భయానికి తోడైంది. దవడ ఎముకలోని గుంటలో పన్నును పట్టి ఉంచేవి సన్నని నారల వంటి బంధకాలు. వైద్యుడు ముందు చిగురుకు మత్తు ఇచ్చి, పన్నుకూ ఎముకకూ నడుమ పనిముట్టు దూర్చి ఆ నారలను తెంచి, ఆ తరువాత పటకారుతో పన్నును అటూ ఇటూ ఊపి గుంటను వదులు చేసి బయటికి తీస్తాడు. అలా తీసిన పై దవడ వెనుక పన్నును, నమిలే పెద్ద పన్నును, చేతిలో పెట్టుకుని చూస్తే విషయం తేటతెల్లమవుతుంది: దానికి చెంప వైపు రెండు, అంగిలి వైపు ఒకటి, మూడు వేళ్ళుంటాయి, ఒక్కొక్క వేరు కొసన వెతికితే గాని కనబడని సన్నని రంధ్రం ఉంటుంది, పంటి నాడి లోపలికి పోయేది ఆ రంధ్రం గుండానే. కుట్టుదారం కంటె సన్నని ఆ పోగు వేరు కొస దగ్గరే పుటుక్కున తెగుతుంది. అది తెగితే కంటి దాకా లాగుకుపోవడానికి మనిషి ముఖమేమీ తోలుబొమ్మ కాదు.

ఈ నమ్మకమే నిజమైతే, పళ్ళకు క్లిప్పులు వేయించుకునేటప్పుడు చోటు కోసం పై దవడలో కుడివైపొకటి, ఎడమవైపొకటి మంచి పళ్ళనే తీయించుకున్న కుర్రవాళ్ళందరూ ఈపాటికి చేతికర్ర పట్టుకుని నడవాలి; పై పళ్ళు 16కు 16 ఊడిపోయి కట్టుడు పళ్ళతో కాలం గడుపుతున్న ముసలివాళ్ళు పొద్దున్నే పత్రికలో చావుకబుర్ల దాకా చదివే అవకాశమే ఉండకూడదు.

మరి ఇంత బలమైన నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? వయసు నుంచి. దగ్గరి అక్షరాలు మసకబారే దోషాన్ని తెలుగువారు చత్వారం అంటారు. నలభైని చెప్పే సంస్కృత పదం నుంచి వచ్చిన ఆ మాటే అది ఏ వయసులో మొదలవుతుందో చెబుతున్నది. చిగుళ్ళ జబ్బు ముదిరి పళ్ళు కదలడం మొదలయ్యేది కూడా చాలామందిలో ఆ ఈడు నుంచే, ఆ పైన కొన్నేళ్ళకు శుక్లం వస్తుంది. నలభై అయిదో ఏట పన్ను తీయించుకుని, మరుసటి ఏడాది కళ్ళద్దాలు పెట్టుకున్న మనిషి ఈ రెంటికీ ముడిపెట్టడంలో ఆశ్చర్యం లేదు. కింది పన్ను తీయించుకున్నవారికి కూడా అదే వయసులో అవే కళ్ళద్దాలు వచ్చాయన్నది మాత్రం ఎవరూ లెక్కపెట్టరు.

అయితే పంటినీ కంటినీ నిజంగా కలిపే ముడి ఒకటుంది, దాని పేరు మధుమేహం. రక్తంలో చక్కెర అదుపు తప్పి కొన్నేళ్ళు సాగితే సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి; ఆ దెబ్బ కంటిలోని రెటీనాకు తగిలితే చూపు తగ్గుతుంది, చిగుళ్ళు సూక్ష్మజీవులను ఎదుర్కొనే శక్తిని కోల్పోతే ఎముక కరిగి పళ్ళు వదులవుతాయి. చిగుళ్ళ వాపు తిరిగి చక్కెరను అదుపులోకి రానివ్వదు. కనుక కొద్ది కాలంలోనే పళ్ళు కదిలి, చూపూ మందగించిన మనిషి నిందించవలసింది పళ్ళ వైద్యుణ్ణి కాదు. అతనికి ముందుగా కావలసింది షుగర్ పరీక్ష, ఆ వెంటనే కళ్ళలో చుక్కలు వేసి రెటీనాను చూసే పరీక్ష.

పన్ను తీసిన మర్నాడు చెంప ఉబ్బి, కంటి కింద కమిలి, రెప్ప సగం మూసుకుపోవడం కొందరిలో ఉంటుంది. అది గాయం వాపు, కొద్ది రోజుల్లో దానంతట అదే తీస్తుంది. పై దవడ వెనుక భాగంలో ఇచ్చే మత్తు ఇంజెక్షన్ మందు చాలా అరుదుగా కంటిగుంట దాకా పాకి, ఒకటి రెండుగా కనబడటమో, రెప్ప వాలిపోవడమో జరిగిన మాట కూడా వాస్తవమే. కొద్ది గంటల్లో మత్తు దిగేసరికి అదీ దిగిపోతుంది. దిగకపోతే మాత్రం మర్నాటికి వాయిదా వేయకుండా వైద్యుడికి చెప్పాలి.

అసలు ప్రమాదం తీయని పన్నుది. పుచ్చు, అంటే నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మార్చి పన్ను పై పింగాణి పొరను కరిగించడం, మెల్లగా లోపలి మెత్తని భాగమైన పల్ప్‌ను చేరుతుంది; రక్తమూ నాడీ ఉండే ఆ భాగం కుళ్ళితే చీము వేరు కొస గుండా ఎముకలోకి దిగుతుంది. పై దవడ వెనుక పళ్ళ వేళ్ళకు సరిగ్గా పైన సైనస్ అనే గాలి గది ఉంది. ఆ గది కప్పే కంటిగుంటకు నేల. కోరపన్ను చీము ముక్కు పక్కనుంచి కింది రెప్ప దాకా ఎగబాకుతుంది. ఆ ప్రాంతపు సిరలకు కంటి వెనుక, మెదడు అడుగున ఉన్న కేవర్నస్ సైనస్ అనే రక్తపు మడుగుతో సంబంధం ఉంది. ఇన్ఫెక్షన్ ఆ దారి పట్టి అక్కడ రక్తం గడ్డకడితే పోయేది చూపు ఒక్కటే కాదు, ప్రాణం కూడా. ఇది తరచుగా జరిగేది కాకపోయినా, పంటి వల్ల జరిగినప్పుడు దానికి మూలం చాలావరకు పీకిన పన్ను కాదు, పీకించుకోవడానికి భయపడి అట్టిపెట్టుకున్న పన్ను.

నొప్పి పోయింది కనుక పన్ను బాగుపడిందన్న ధీమా పన్నును ఇలా అట్టిపెట్టుకోవడంలోనే పుడుతుంది. ఇక్కడ లవంగానికి కొంత న్యాయం చేయక తప్పదు. పంటిపోటుకు లవంగం నూనె పెట్టే పెద్దవాళ్ళ చిట్కాను మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి లేదు. దానిలోని యూజినాల్ అనే పదార్థానికి నొప్పిని మొద్దుబార్చే గుణం ఉండబట్టే పళ్ళ వైద్యులు కూడా జింక్ ఆక్సైడ్‌తో కలిపి తాత్కాలిక సిమెంటుగా దాన్ని వాడతారు. కాని అది పుచ్చును నింపదు, చీమును తీయదు. నాలుగు రోజులు జివ్వున లాగిన పన్ను అయిదో రోజు చల్లబడితే దాని అర్థం చాలాసార్లు పల్ప్ చచ్చిపోయిందని. అరిచే కుక్క అరుపు ఆపింది దొంగ వెళ్ళిపోయి కాదు, లోపలికి వచ్చి దాన్ని చంపేసి. లవంగం బదులు ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద పెట్టుకునేవారికి దక్కేది నొప్పి తగ్గడం కాదు, చిగురు కాలి తెల్లబడటం.

మిగిలిన నమ్మకాలకు ఇంత చోటు అనవసరం. పంట్లో పురుగులుండవు, వాకుడు గింజల పొగ పట్టి పురుగులు రాల్చి చూపించేవాడు చేసేది కనికట్టు. గార తీయిస్తే పళ్ళు వదులవవు; పళ్ళను అప్పటికే వదులు చేసిన గార సందుల్లో గోడలా నిలబడి ఆ వదులును కనబడకుండా కాస్తుంది, అది పోగానే సందు బయటపడుతుంది, కొద్ది రోజులు చన్నీళ్ళకు జివ్వుమంటుంది, అంతే. బొగ్గుపొడి, ఇటుకపొడి పళ్ళను తెల్లబరచవు, అరగదీస్తాయి. పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవేగా అని పిల్లల పళ్ళ పుచ్చును పట్టించుకోనివారు, ఏ పాలపన్నూ ఊడకుండానే ఆరో ఏట వెనుక మొలిచే మొదటి పెద్ద దంతం జీవితాంతం ఉండవలసినదని గమనించాలి. పంటిపోటుకు చుట్ట పొగ మందు కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాన ఆడవాళ్ళు చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టి పీల్చే అడ్డపొగకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం వైద్యులకు ఏనాడో తెలుసు.

ఫ్లోరైడ్ పేస్టును విషమంటూ ఫోన్లలో తిరిగే మాటకు మాత్రం తెలుగువారి దగ్గర ఒక ఆధారం ఉన్నట్టు కనబడుతుంది. 1937లో ఆనాటి నెల్లూరు జిల్లాలో గుర్తించిన ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ మితిమీరితే వచ్చే జబ్బు, ఆ తరువాత నల్లగొండ పేరుతో లోకానికి తెలిసింది. కాని అక్కడి పళ్ళ గోధుమరంగు మరకలు, వంగిన ఎముకలు ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన బావినీళ్ళను పుట్టినప్పటి నుంచి తాగడం వల్ల వచ్చినవి. ఉమ్మేసే పేస్టు అలాంటిది కాదు. ఉమ్మడం తెలియని చిన్నపిల్లకు బియ్యపుగింజంత, మూడేళ్ళు దాటాక బఠానీగింజంత చాలు.

పై పన్ను తీయించుకోవడానికి ముందు షుగర్, రక్తపోటు, రక్తం పలచబడటానికి వేసుకునే మాత్రల సంగతి వైద్యుడికి చెప్పాలి. ఆ మాత్రలను ఎవరంతట వారు ఆపకూడదు. తీశాక పెట్టిన దూది ఉండను చెప్పినంతసేపు గట్టిగా కొరికి పట్టాలి; మాటిమాటికీ ఉమ్మితే గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయి నొప్పి తిరగబెడుతుంది, చుట్టా బీడీ ముట్టించినా అంతే. ఉప్పునీటి పుక్కిలింత మర్నాటి నుంచి. రూట్ కెనాల్‌తో, అంటే కుళ్ళిన పల్ప్‌ను తీసి లోపల శుభ్రం చేసి మూయడంతో, నిలబడే పన్నును అసలు తీయించనవసరమే లేదు. నిలబడదని తేలిన పన్నును మాత్రం కంటి పేరు చెప్పి దాచుకోకూడదు. పంటిపోటుతో మొదలైన చెంప వాపు కింది రెప్పను తాకి, దానికి జ్వరమో, కన్ను ముందుకు పొడుచుకు రావడమో, చూపు మసకబారడమో తోడైతే తెల్లవారే దాకా ఆగకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రికి చేరాలి.